దుర్గం చెరువు మీద సీగలా? ఒక్క నిమిషం ఆగండి

డిసెంబరులో ఒక బుధవారం. స్టాండప్ కాల్‌కి ఇంకా నాలుగు నిమిషాలుంది. మా టీమ్ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పడింది. పదకొండు సెకన్లు. దుర్గం చెరువు, వెనకాల కేబుల్ బ్రిడ్జి, కింద నీళ్ళ మీద తెల్లటి పక్షి ఒకటి రెక్కలాడిస్తూ వెళ్తోంది. పంపింది మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన వైజాగ్ కుర్రాడు. కింద మెసేజ్: "అక్కా, మా సీగల్ హైటెక్ సిటీకి కూడా వచ్చేసింది!!" పక్కన మూడు అలల ఎమోజీలు, చివర్లో ఒక ఏడుపు ఎమోజీ.

ఆ ఏడుపు ఎమోజీ ఎందుకో నాకు తెలుసు. ఊరు వదిలి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. పీజీలో ఉంటున్నాడు, ఇడ్లీ బాగోలేదంటాడు, సముద్రం లేని ఊళ్ళో సాయంత్రాలు ఏం చేస్తారో అర్థం కావట్లేదంటాడు. అలాంటివాడికి ఆఫీసు పక్కనే సీగల్ కనిపిస్తే ఎలా ఉంటుంది మరి! గ్రూపులో టపటపా హార్ట్‌లు పడిపోయాయి. నేను మాత్రం వీడియోని ఆపి ఆపి చూశాను. ఆరో సెకను దగ్గర పక్షి మలుపు తిరుగుతూ తోక విప్పింది. మధ్యలో చీలిన తోక, అచ్చం పసులపోలిగాడి తోకలా.

సీగల్‌కి అలాంటి తోక ఉండదు.

అది రివర్ టెర్న్. ఆ సంగతి గ్రూపులో చెప్పి పద్నాలుగు హార్ట్‌ల మీద నీళ్ళు చల్లడం ఇష్టం లేక కుర్రాడికి విడిగా మెసేజ్ పెట్టాను. జవాబు వెంటనే వచ్చింది: "ఏటక్కా, ఉన్న ఒక్క ఆనందం కూడా తీసేస్తారా?"

"తియ్యను. జనవరిలో ఒక ఆదివారం గండిపేట రా. అదృష్టం ఉంటే అసలుదాన్నే చూపిస్తా" అన్నాను.

నేను ఈ కారిడార్‌లో పదేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను. ఏడేళ్ళుగా ఆదివారాలు పొద్దున్నే మెడలో బైనాక్యులర్ వేసుకుని చెరువుల చుట్టూ తిరుగుతున్నాను. హైటెక్ సిటీ అనగానే అందరికీ 1998లో మొదలైన సైబర్ టవర్స్, మైండ్‌స్పేస్ ట్రాఫిక్ గుర్తొస్తాయి. కానీ ఈ అద్దాల మేడలన్నీ లేచింది చెరువులూ బండరాళ్ళూ ఉన్న నేల మీద. దుర్గం చెరువు కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండకి నీళ్ళిచ్చిన చెరువు. చుట్టూ కొండలుండటంతో బయటికి కనిపించేది కాదు, అందుకే సీక్రెట్ లేక్ అన్నారు. 2020 సెప్టెంబరులో కేబుల్ బ్రిడ్జి తెరిచాక ఇక సీక్రెట్ ఏముంది? ఇప్పుడది ఊరంతా సెల్ఫీలు దిగే చోటు. బ్రిడ్జి మీద నిలబడి లైట్ల వైపు చూసేవాళ్ళు వందమంది ఉంటే, కింద నీళ్ళ మీద ఏం ఎగురుతోందో చూసేవాళ్ళు ఒకరో ఇద్దరో. ఆ కుర్రాడు చూశాడు. పేరు ఒక్కటే మారింది.

పేరు మారితే ఏమవుతుంది, పక్షి పక్షే కదా అంటారా? ఆ సంగతికి వస్తాను. ముందు అసలు సీగల్ అంటే ఏమిటో చూద్దాం.

నిజానికి సీగల్ అనే పేరుతో ప్రపంచంలో ఒక్క జాతి కూడా లేదు. ఉన్నవి గల్స్. ఆ 'సీ' మనం సముద్రం ఒడ్డున చూసి అలవాటుగా తగిలించుకున్నది. చలికాలంలో వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల చుట్టూ గోల చేసేది, కాకినాడలో, పులికాట్‌లో కనిపించేది, మనవాళ్ళు సీగల్ అనే పక్షి చాలాసార్లు బ్రౌన్ హెడెడ్ గల్. దీని సొంతూరు సముద్రం కానే కాదు. ఇది గూడు కట్టుకునేది లద్దాఖ్‌లో, టిబెట్ పీఠభూమిలో, ఇంకా పైన మధ్య ఆసియాలో కొండల మీది సరస్సుల దగ్గర. లద్దాఖ్‌లోని త్సో మోరిరి సముద్ర మట్టానికి 4,500 మీటర్ల పైన ఉంటుంది. అక్కడ ఎండాకాలంలో గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, నీళ్ళు గడ్డకట్టే లోపు దక్షిణానికి దిగుతుంది. అంటే మన బీచ్ దానికి పుట్టిల్లు కాదు, శీతాకాలపు విడిది.

ఫోన్ చేతిలోనే ఉంది కదా, ఒక పని చేయండి. మ్యాప్ తెరిచి హైటెక్ సిటీ మీద వేలు పెట్టి, పక్కకి జరగకుండా నేరుగా పైకి జరపండి. నాగ్‌పూర్‌కి కొంచెం పక్కగా, ఆగ్రాకి దగ్గర్లో, హిమాలయాలు దాటి లద్దాఖ్‌లోకి వెళ్తే వేలు దాదాపు త్సో మోరిరి మీద ఆగుతుంది. రెండూ ఇంచుమించు 78.3 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదే ఉన్నాయి. మధ్య దూరం 1,700 కిలోమీటర్ల పైమాటే. మనకి దగ్గరి సముద్రమేమో బాపట్ల వైపు, గీత గీస్తే దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు. ఉత్తరం నుంచి దక్షిణానికి దిగే పక్షికి దక్కన్ మధ్యలో ఒక పెద్ద నీటి పళ్ళెం కనిపిస్తే దిగదా? గండిపేట, హిమాయత్‌సాగర్, అటు సింగూరు, మంజీర, అన్నీ అలాంటి పళ్ళేలే. అందుకే హైదరాబాద్‌లో గల్ కనిపిస్తే అది సముద్రం నుంచి దారి తప్పి వచ్చిందని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. అది దారిలోనే ఉంది.

ఉప్పునీళ్ళు, మంచినీళ్ళు రెండూ దానికెలా పడతాయంటే, గల్స్‌కి కళ్ళ పైన ఉప్పు గ్రంథులుంటాయి. రక్తంలో ఎక్కువైన ఉప్పుని అవి వడకట్టి ముక్కు రంధ్రాల గుండా చుక్కలుగా బయటికి పంపేస్తాయి. హార్బర్‌లో గల్ అప్పుడప్పుడూ తల విదిలిస్తుంటుంది చూడండి, అది పొగరు కాదు, ఉప్పు దులుపుకోవడం. లద్దాఖ్‌లో త్సో కర్ ఉప్పు సరస్సే, వైజాగ్‌లో సముద్రం, ఇక్కడ గండిపేట మంచినీళ్ళు. మూడు చోట్లా ఒకే పక్షి బతికేస్తుంది. నీళ్ళు మారితే జలుబు చేసేది మనకే.

జనవరి రెండో ఆదివారం కుర్రాడు ఆరింటికల్లా గచ్చిబౌలి జంక్షన్‌లో నిలబడి ఉన్నాడు. హుడీ, చేతిలో ఫోన్, పవర్ బ్యాంక్. నార్సింగి మీదుగా వెళ్ళాం. దారంతా కోకాపేట టవర్లు మంచులో సగం సగం కనిపిస్తూ, పైన క్రేన్ల ఎర్ర లైట్లు. ఆ టవర్లు దాటాక ఒక్కసారిగా నీళ్ళు. అదే ఉస్మాన్‌సాగర్, మనం గండిపేట అనేది. 1908లో మూసీ పొంగి ఊరిని ముంచేశాక, మళ్ళీ అలాంటిది జరగకూడదని కట్టిన జలాశయం, 1920లో పూర్తయింది. దాని తర్వాత హిమాయత్‌సాగర్. గండిపేట నీళ్ళు తాగినోళ్ళు హైదరాబాద్ వదిలి పోరని ఒక మాట ఉంది కదా. గల్ ఒక్కటే ఆ మాట వినదు. తాగుతుంది, మార్చి రాగానే పోతుంది.

మొదట కనిపించింది టెర్నే. ఒడ్డు నుంచి ఇరవై మీటర్ల దూరంలో, నీళ్ళకి పైన ఇంటి మేడంత ఎత్తులో ఎగురుతోంది. తల పూర్తిగా కిందికి వంచి నీళ్ళనే చూస్తోంది. ఒక చోట గాల్లోనే నిలబడింది, రెక్కలు ముడిచింది, రాయి పడ్డట్టు నీళ్ళలో పడింది. లేచేసరికి ముక్కులో వెండిలా మెరిసే చేప.

"చూడు, ఇదీ నీ వీడియోలో ఉన్నది" అన్నాను. "ముక్కు ఏ రంగు?"

"పసుపు. కొన నల్లగా ఉంది."

"ఎలా ఉంది?"

"సూదిలా ఉందక్కా."

అంతే. టెర్న్ ముక్కు సూది, గల్ ముక్కు పట్టకారు. టెర్న్ తోక చీలి ఉంటుంది, గల్ తోక విసనకర్రలా గుండ్రంగా విచ్చుకుంటుంది. టెర్న్ చూపు కిందికి, గల్ చూపు ముందుకి. వేటకి టెర్న్ పైనుంచి దూకుతుంది. గల్‌కి ఆ శ్రమ ఇష్టం ఉండదు, నీటి మీద తేలేది ఏరుకుంటుంది, పడవలోంచి పారేసింది తింటుంది, వీలైతే పక్కవాడి నోట్లోది లాక్కుంటుంది. అన్నిటికంటే సులువైన గుర్తు ఇంకొకటుంది. బాతులా నీళ్ళ మీద హాయిగా కూర్చుని తేలుతుంటే అది దాదాపు ఖాయంగా గల్. టెర్న్ బండ మీదో కర్ర మీదో వాలుతుంది కానీ నీళ్ళ మీద కూర్చోవడం చాలా అరుదు. రెండూ ఒకే కుటుంబం, దగ్గరి చుట్టాలు. అయినా ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు ఒకేలా ఉంటారా ఏమిటి?

శీతాకాలంలో ఇంకో చిన్న టెర్న్ కూడా వస్తుంది, విస్కర్డ్ టెర్న్. బూడిద రంగు, చిన్న శరీరం, తోకలో చీలిక అంతగా కనిపించదు. నీళ్ళని ముక్కుతో ముద్దు పెట్టుకున్నట్టు తాకి లేస్తుంది, దూకదు. దూరం నుంచి ఫోన్‌లో తీస్తే ఇది ఇంకా ఎక్కువ కంగారు పెడుతుంది. అప్పుడు సైజు చూడండి. బ్రౌన్ హెడెడ్ గల్ మన ఊరకాకి అంత, ఇంకొంచెం ఒడ్డూ పొడుగూ కూడా. విస్కర్డ్ టెర్న్ దాని ముందు చిన్నపిల్ల.

ఎనిమిదింటికి ఎండ పడ్డాక, జలాశయం మధ్యలో తెల్లగా ఒక చుక్క కనిపించింది. తేలుతోంది. బైనాక్యులర్ కుర్రాడికిచ్చాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఇదే అక్కా. మా హార్బర్‌లోది ఇదే" అన్నాడు.

"దీన్నే బ్రౌన్ హెడెడ్ అంటారు" అన్నాను.

"తల తెల్లగా ఉంది కదా?"

గల్స్ దగ్గర అందరూ తట్టుకుని పడే మొదటి రాయి ఇదే. బ్రౌన్ హెడెడ్ గల్‌కి ముదురు గోధుమ రంగు తల వచ్చేది పెళ్ళి సీజన్‌లో మాత్రమే. మన దగ్గరికి వచ్చేసరికి ఆ టోపీ తీసేసి ఉంటుంది. తెల్ల తల, కంటి వెనకాల ఒక నల్లటి మచ్చ. పసిపిల్లల బుగ్గ మీద పెట్టే దిష్టిచుక్క అనుకోండి, సరిగ్గా అలాగే ఉంటుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ బ్లాక్ హెడెడ్ గల్ అని ఇంకొకటి ఉంది, అదీ మన దేశానికి శీతాకాలంలోనే వస్తుంది. దానికీ తెల్ల తలే, దానికీ దిష్టిచుక్కే, దానికీ ఎర్ర ముక్కే, ఎర్ర కాళ్ళే. పోనీ సీజన్‌లో తల నల్లగా మారుతుందా అంటే, అదీ లేదు. దాని తలా చాక్లెట్ రంగే! నిజంగా నల్ల తల వచ్చేది పల్లాసెస్ గల్ అనే పెద్ద గల్‌కి. పేర్లు పెట్టినవాళ్ళని ఇప్పుడు తిట్టుకుని లాభం లేదు.

పేరు పెట్టినవాళ్ళలో ఒకాయన మన ప్రాంతానికి బాగా సంబంధం ఉన్నవాడు. బ్రౌన్ హెడెడ్ గల్‌ని శాస్త్రీయంగా మొదట వర్ణించింది థామస్ జెర్డన్, 1840లో, మద్రాసు నుంచి వచ్చే ఒక పత్రికలో. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో డాక్టరు. తర్వాత నెల్లూరులో సివిల్ సర్జన్‌గా కూడా పనిచేశాడు. కలివికోడికి ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అని పేరుంది ఈయన వల్లే. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికిన కథ మీలో చాలామంది స్కూల్లో చదివే ఉంటారు. గల్‌కి మాత్రం అంత సినిమా కథ లేదు. అది ఎప్పుడూ మన కళ్ళ ముందే ఉంది.

సరే, మరి ఈ రెండు తెల్ల తలల్ని విడదీసేదెలా? రెక్క చూడాలి. వాలినప్పుడు కాదు, విప్పినప్పుడు. బ్రౌన్ హెడెడ్ గల్ రెక్క కొస బాగా నల్లగా ఉంటుంది, ఆ నలుపు మధ్యలో తెల్లటి మచ్చలు, ఎదిగిన పక్షికి సాధారణంగా రెండు. పక్షుల భాషలో వాటిని అద్దాలంటారు. లంబాడీ ఓణీ మీద నల్లగుడ్డలో కుట్టిన అద్దాలు గుర్తు తెచ్చుకోండి, ఇక మర్చిపోరు. బ్లాక్ హెడెడ్‌కి ఆ అద్దాలుండవు. దాని రెక్క ముందు అంచంతా తెల్లటి పట్టీ పొడుగ్గా కొస దాకా వెళ్తుంది, నలుపు చివర్లో సన్నటి అంచులా మాత్రమే ఉంటుంది. రెండో గుర్తు కన్ను. ఎదిగిన బ్రౌన్ హెడెడ్ కన్ను లేత రంగులో ఉంటుంది, కొంచెం కోపంగా చూస్తున్నట్టు అనిపిస్తుంది. బ్లాక్ హెడెడ్ కన్ను ముదురు, అమాయకంగా ఉంటుంది. పక్కపక్కన నిలబెడితే బ్రౌన్ హెడెడ్ కాస్త దిట్టం, ముక్కు కాస్త మందం. కానీ పక్కపక్కన ఎవరు నిలబెడతారు?

పిల్ల గల్స్ ఇంకో గొడవ. మొదటి శీతాకాలంలో వాటికి తోక చివర నల్లటి పట్టీ ఉంటుంది, రెక్కల మీద గోధుమ రంగు మరకలుంటాయి, ముక్కు ఎరుపు బదులు నారింజ, పసుపు మధ్యలో ఉంటుంది. కన్ను కూడా అప్పటికి ముదురుగానే ఉంటుంది కాబట్టి కంటి గుర్తు పనిచేయదు. రెక్కమీది అద్దాలు కూడా అప్పటికి ఉండవు. అలాంటప్పుడు రెక్క కొసలో నలుపు ఎంత వెడల్పుందో చూడాల్సిందే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు పిల్లల జోలికి వెళ్ళకుండా ఎర్ర ముక్కువాటితో మొదలుపెట్టడం మంచిది.

ఫోన్‌తో తీసేవాళ్ళకి ఒక మాట. తెల్ల పక్షిని ఎండలో తీస్తే ఫోన్ దాన్ని కాల్చేస్తుంది, మొత్తం తెల్లటి ముద్దగా వస్తుంది. స్క్రీన్ మీద పక్షిని తాకి, వెలుతురు గీతని కిందికి లాగండి. ఆకాశం డల్‌గా వచ్చినా ఫర్వాలేదు, రెక్క కొస కనిపించాలి. ఒక్క ఫొటో కోసం ఆగకుండా స్లో మోషన్ వీడియో తీసుకుని, రెక్క పూర్తిగా విప్పిన ఫ్రేమ్ దగ్గర స్క్రీన్‌షాట్ తీయండి. మెర్లిన్ లాంటి యాప్‌కి ఆ ఫ్రేమ్ ఇస్తే పేర్లు సూచిస్తుంది. అయితే యాప్ చెప్పిన మొదటి పేరే ఖాయమని టిక్ కొట్టేయకండి. అద్దాలున్నాయా లేదా అన్నది మీ కళ్ళతో చూసి అప్పుడు కొట్టండి.

మా గల్ చివరికి లేచింది. కాకులేవో తరిమితే. కుర్రాడు స్లో మోషన్‌లో పట్టాడు. స్క్రీన్ మీద రెండు వేళ్ళతో పెద్దది చేసి, "అద్దాలు!" అని అరిచాడు. పక్కన వాకింగ్ చేస్తున్న ఒక అంకుల్ ఆగి మా వైపు అనుమానంగా చూశారు.

ఇంతసేపూ కొంచెం దూరంలో ఒక పెద్దాయన పుట్టిలో కూర్చుని వల తీస్తున్నాడు. ఒడ్డుకి వచ్చాక, మేము దేని కోసం వచ్చామో అడిగాడు. ఫోన్‌లో రెండు ఫొటోలూ చూపించాను. గల్ ఫొటో మీద వేలు పెట్టి, "గిది చలికాలంల వస్తది, పోతది. సుట్టం" అన్నాడు. టెర్న్ ఫొటో చూసి, "గిది మనదే బిడ్డా. ఏడాదంత ఈడనే ఉంటది. ఎండలల్ల గా బండ మీద గుడ్లు పెడ్తది. నీళ్ళు తగ్గితే కుక్కలు నడుసుకుంట పోయి తింటయి" అన్నాడు.

పుస్తకాల్లో రెండు పేజీల్లో రాసేది ఆయన నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. పేరు మారితే ఏమవుతుందన్న ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది. బ్రౌన్ హెడెడ్ గల్‌కి ప్రపంచవ్యాప్తంగా ప్రస్తుతానికి పెద్ద ప్రమాదం లేదు. అంతర్జాతీయ జాబితాలో దాన్ని ఆందోళన లేని వర్గంలోనే పెట్టారు. రివర్ టెర్న్ అలా కాదు. 2020లో దాన్ని ముప్పులో ఉన్న జాతుల్లో 'వల్నరబుల్' వర్గంలోకి మార్చారు. ఇది చెట్టు మీద గూడు కట్టదు. వేసవిలో నీళ్ళు తగ్గి బయటపడే ఇసుక తిన్నెల మీద, రాతి దిబ్బల మీద, నేలలో చిన్న గుంట చేసుకుని గుడ్లు పెడుతుంది. అంటే నదిలో ఇసుక తవ్వితే దానికి ఇల్లు పోతుంది. డ్యామ్ నుంచి అకాలంగా నీళ్ళు వదిలితే గుడ్లు కొట్టుకుపోతాయి. నీళ్ళు మరీ తగ్గితే దిబ్బ ఒడ్డుతో కలిసిపోతుంది, కుక్కలొస్తాయి. నీళ్ళు ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే. కర్ణాటకలో భద్రా జలాశయం మధ్యలో దిబ్బల మీద ఇవి వేల సంఖ్యలో గుడ్లు పెడతాయి, చూడటానికి జనం పడవల్లో వెళ్తారు. మన దగ్గర ఆఫీసు పక్కనే ఎగురుతుంటే సీగల్ అనుకుని వదిలేస్తున్నాం.

లెక్కలు కూడా అక్కడే తేడా కొడతాయి. ఇప్పుడు మన దేశంలో పక్షుల పరిస్థితి ఏమిటో చెప్పే పెద్ద నివేదిక, స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్, మామూలు జనం ఈబర్డ్‌లో ఎక్కించిన వివరాల మీదే నడుస్తోంది. 2023లో వచ్చిన నివేదికలో 942 జాతుల్ని పరిశీలించారు. దాని వెనక ఉన్నది దాదాపు 30,000 మంది ఇచ్చిన 3 కోట్ల పరిశీలనలు. అందులో మీదీ ఒకటి కావచ్చు, మీ పక్కింటి ఇంటర్ కుర్రాడిదీ కావచ్చు. ఒక చెరువు దగ్గర పదిమంది టెర్న్‌ని గల్ అని రాస్తే ఆ చెరువులో లేని చుట్టం ఉన్నట్టు, ఉన్న ఇంటి మనిషి లేనట్టు లెక్క తేలుతుంది. రేపు ఎవరో ఆ చెరువుకి సుందరీకరణ ప్లాన్ గీస్తారు. మధ్యలో ఉన్న బండ తీసేసి ఫౌంటెన్ పెడదామంటారు. ఆ బండ మీద ఎవరు పిల్లల్ని కంటున్నారో రికార్డులో ఉండదు.

సుందరీకరణ అనే మాటంటే నాకు కొంచెం మంట, ఒప్పుకుంటాను. చెరువు చుట్టూ గ్రానైట్ పరిచి, ఒడ్డు మొత్తం గోడ కట్టి, రాత్రంతా రంగుల లైట్లు వేస్తే మన రీల్స్ బాగుంటాయి. కానీ పక్షికి కావాల్సింది బురద ఒడ్డు, తుంగ, ఎవరూ నడవని ఒక దిబ్బ. అమీన్‌పూర్ పెద్ద చెరువు చూడండి. మియాపూర్ అవతల, చుట్టూ అపార్ట్‌మెంట్లే. కుతుబ్ షాహీల నాటి ఈ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగర పరిధిలోని చెరువుకి ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. బోర్డు ఉన్నంత మాత్రాన చెరువు నిలుస్తుందని కాదు, బోర్డు కోసం పక్షుల జాబితా అడుగుతారు, ఆ జాబితా ఎవరో ఆదివారాలు నిద్ర మానుకుని రాయాలి. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలకి అడ్డుకట్ట వేస్తూ 1996లో జీవో 111 వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు తొలగిస్తూ జీవో 69 వచ్చింది. కోకాపేట వైపు తల తిప్పి చూస్తే మిగతాది ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో విషయం. ప్రయాగ్‌రాజ్ సంగమం దగ్గర, కాశీలో, ఢిల్లీ యమునా ఘాట్‌లో పడవ ఎక్కి సేవ్ ప్యాకెట్ విప్పితే వందల గల్స్ చుట్టుముడతాయి. చాలా వైరల్ వీడియోలు అక్కడివే. బ్యాంకాక్ దగ్గర బాంగ్ పూ అనే చోట కూడా శీతాకాలంలో ఇదే బ్రౌన్ హెడెడ్ గల్స్‌కి జనం తిండి వేస్తుంటారు. చూడటానికి అద్భుతంగా ఉంటుంది, నేను కాదనను. కానీ సేవ్‌లో ఉన్నది నూనె, ఉప్పు, శనగపిండి. నెలల తరబడి అది తిని, మార్చిలో హిమాలయాలు దాటాల్సిన పక్షి అది. మన చెరువుల దగ్గర ఇంకా ఆ అలవాటు రాలేదు. రాకపోతే మంచిది.

మీరూ చూడాలనుకుంటే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా సరైన సమయం. డెక్కన్ బర్డర్స్, హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ లాంటి బృందాలు నడకలు పెడుతుంటాయి, కొత్తవాళ్ళని విసుక్కోరు. జనవరిలో ఆసియా అంతటా నీటి పక్షుల గణన కూడా జరుగుతుంది. గల్ ప్రతి ఆదివారం కనిపిస్తుందని మాత్రం మాట ఇవ్వలేను, హైదరాబాద్‌లో అది అప్పుడప్పుడూ వచ్చే చుట్టమే. గల్స్‌ని కడుపునిండా చూడాలంటే చలికాలంలో వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌కి పొద్దున్నే వెళ్ళండి, బోట్లు వచ్చే వేళకి. సంక్రాంతికి ఊరెళ్ళిన మా కుర్రాడు అక్కడి నుంచి వందకి పైగా ఫొటోలు పంపాడు, ప్రతి రెక్క కొస మీదా ఎర్ర గీతతో గుండ్రం చుట్టి. ఏప్రిల్ 15న చేపల వేట నిషేధం మొదలయ్యే నాటికి అవి దాదాపు వెళ్ళిపోతాయి. బోట్లూ ఆగిపోతాయి, గల్సూ ఉండవు.

మార్చి రెండో వారంలో మళ్ళీ గండిపేట వెళ్ళాం. గల్ లేదు. నీళ్ళు బాగా వెనక్కి తగ్గి ఒడ్డున మట్టి బీటలు వారింది. పెద్దాయన చెప్పిన బండ మీద నాలుగు టెర్న్‌లున్నాయి. ముక్కులు ఇప్పుడు కొస దాకా పచ్చటి పసుపు, తల మీద నల్లటి టోపీ నిండుగా వచ్చింది. ఒకటి ముక్కులో చిన్న చేప పట్టుకుని, మెడ పైకెత్తి, ఇంకోదాని చుట్టూ చిన్న అడుగులతో తిరుగుతోంది. ఆడది వెంటనే తీసుకోలేదు. మూడో చుట్టుకి తీసుకుంది.

"పెళ్ళిచూపులా అక్కా?" అన్నాడు వాడు ఫోన్ దించకుండానే.

బండకీ ఒడ్డుకీ మధ్య మోకాలి లోతు నీళ్ళు మిగిలాయి. ఇటు వైపు తుమ్మచెట్టు నీడలో మూడు కుక్కలు పడుకుని ఉన్నాయి. వాడు ఈబర్డ్‌లో రివర్ టెర్న్ ఎదురుగా 4 అని కొట్టి, వ్యాఖ్యల గడిలో కుక్కల సంఖ్య కూడా రాశాడు.